ఒకే గది, రెండు రేట్లు

ఫిబ్రవరి 20
గాలి 64. రేటు 11.

మూడో లెవెల్ ఫ్యాన్ మనిషిగా రోజూ ఈ పుస్తకంలో నేను రాయవలసినవి రెండే అంకెలు. మన లెవెల్‌కి అందే గాలి ఎంత, ఆ పూట కరెంటు యూనిట్ రేటు ఎంత. పైన ఆఫీసువాళ్ళు అంకెలు తప్ప ఇంకేమీ చూడరు. అందుకే కింద మిగిలిన జాగాలో నాకు తోచింది రాసుకుంటాను. నా పేరు కనకలక్ష్మి. వయసు నలభై ఎనిమిది.

ఈ రోజు గొట్టాల జాలీలు కడిగాను. సంపులో ఊరిన నీళ్ళు పైకి కొట్టించాను. మధ్యాహ్నం పన్నెండుకి ఎండ కరెంటు చవకయ్యే గంటలో నలభై గదుల్లోనూ కుక్కర్లు ఒకేసారి కూశాయి. భూమి మీద నలభై తొమ్మిది డిగ్రీలని రేడియో చెప్పింది. ఫిబ్రవరికి అది తక్కువేమీ కాదు. బొగ్గు తీసిన ఈ సొరంగాల్లో ఎండ బాధ లేదు. ఉన్న బాధల్లా గాలిదే. ఫ్యాన్ తిరిగినంతసేపే గాలి, కరెంటు ఉన్నంతసేపే ఫ్యాన్. గాలి ముప్పైకి దిగితే తల పట్టేస్తుంది. ఇరవైకి దిగితే పిల్లలు ఏడవడం మానేస్తారు. అప్పుడే భయపడాలి.

కరెంటు ఇచ్చే సంస్థ నుంచి కాగితం వచ్చింది. యూనిట్ పంతొమ్మిదికి రెండేళ్ళపాటు ఫిక్స్ చేసుకోవచ్చట. లేదంటే ఇప్పటిలాగే మార్కెట్ రేటు, పూటకో ధర. మార్చి ముప్పై ఒకటిలోగా చెప్పాలి. గది ఎవరి పేరున ఉంటే వాళ్ళంతా వేలిముద్ర వేయాలి. మా గది నా పేరునా, మా ఆడబిడ్డ స్వరూప పేరునా ఉంది.

"కాయిదం వచ్చింది," అన్నాను.

"సూసిన. ఏలు పెడదాం."

"సదువకుండనే?"

"పోయినసారి సదివినవ్ గద వదినె. సదివి సదివి మా అన్నను పండవెట్టినవ్."

పప్పు ఎవరి గిన్నెలో వాళ్ళం వడ్డించుకున్నాం.

ఫిబ్రవరి 21
గాలి 63. రేటు 12.

ఆమె అన్నదాని వెనక సంగతి రాయకుండా దాటేయాలనుకున్నాను. దాటలేకపోయాను.

మూడేళ్ళ కింద ఇలాంటి కాగితమే వచ్చింది. అప్పుడు ఫిక్స్ రేటు పద్నాలుగు. మార్కెట్ రేటు తొమ్మిది ఉండేది. నా భర్త రాజలింగు ఫిక్స్ చేద్దామన్నాడు. ఫ్యాన్ల దగ్గర పనిచేసేదాన్ని నేను, నాకు తెలుసు, వద్దన్నాను. ఆయన సరేనన్నాడు. నేను గట్టిగా చెప్తే ఆయన సరేననేవాడు. మే నెలలో కరెంటు ఇచ్చే గాలిమరలు పన్నెండు రోజులు కదలలేదు. రేటు నలభై ఎనిమిదికి పోయింది. మధ్యాహ్నాలు మా గది ఫ్యాన్ సగానికి తగ్గించుకున్నాం. పైన సోలార్ పలకలు తుడిచే పనిలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చిన ఛాతీ ఆయనది. తొమ్మిదో రోజు పోయాడు.

దుమ్ము వల్లే అన్నాడు డాక్టరు. గాలి లేక అంటుంది స్వరూప. ఏది నిజమో నాకు తెలియదు. ఈ మాట ఇప్పటివరకూ ఎవరితోనూ అనలేదు, ఇక్కడే రాస్తున్నాను.

ఇప్పుడు ఆ పలకలు తుడిచే పని స్వరూప చేస్తోంది. తెల్లవారుజామున పైకి వెళ్ళి పదింటికి దిగుతుంది. మధ్యాహ్నమంతా పడుకుంటుంది. ఈ మధ్య మెట్లు దిగి వచ్చాక చాలాసేపు గోడ పట్టుకుని నిలబడుతోంది. నేను చూస్తున్నానని తెలిస్తే నడిచేస్తుంది.

మార్చి 6
గాలి 61. రేటు 14.

కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. పద్నాలుగో అంశం దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. "సరఫరా కొరత వేళల్లో ఫిక్స్ రేటు వినియోగదారుల సేవను సంస్థ సర్దుబాటు చేయవచ్చు."

ఎండ ముదరకముందే పైకి వెళ్ళి ఆఫీసులో అడిగాను. శ్రీకర్ అని కొత్తగా వచ్చిన అధికారి. పట్నం మాట. నన్ను కూర్చోమనలేదు.

"సర్దుబాటు అంటే ఏంది సార్?"

"సర్దుబాటు అంటే సర్దుబాటేనమ్మా."

"ఫ్యాన్ తగ్గిస్తరా?"

"అవసరమైతే."

"ఎంత తగ్గిస్తరు?"

"అది పరిస్థితిని బట్టి ఉంటుంది."

"మరి మార్కెట్ రేటోళ్ళకు?"

"వాళ్ళు ఆ పూట ధర ఎంతుంటే అంత కడుతున్నారు కదా. వాళ్ళకెందుకు తగ్గిస్తాం?" అని, నా వైపు మొదటిసారి సూటిగా చూశాడు. "మీరు మా దగ్గర పనిచేస్తారు. మా కాగితం మీదే జనానికి అనుమానాలు పుట్టిస్తే, ఫ్యాన్ తిప్పడానికి ఇంకో మనిషి దొరకడం కష్టమేమీ కాదు."

మెట్లు దిగుతుంటే నాకు వచ్చిన కోపం అతని మీద కాదు. అడగవలసిన ఈ ప్రశ్నలు మూడేళ్ళ కింద అడగకుండానే వద్దన్నాను. అప్పటి కాగితంలో ఈ అంశం ఉందో లేదో కూడా నాకు గుర్తులేదు.

మార్చి 15
గాలి 60. రేటు 16.

స్వరూపకి చెప్పాను. రేటు పెరిగిన రోజుల్లో పంతొమ్మిదికి అమ్మితే సంస్థకు నష్టం, ఆ రోజుల్లోనే మన ఫ్యాన్ కోస్తారు, ఫిక్స్ చేసుకున్నందుకే గాలి పోతుంది అన్నాను.

"అట్ల రాసి ఉన్నదా?"

"సర్దుబాటు అని రాసిన్రు."

"కోస్తమని రాసిన్రా?"

"లేదు."

"నీకేం కావాల్నో నాకెరుక. ఈసారి కూడా ఫిక్స్ జేసుకోకుండ బతికితే, అప్పుడు జేసింది తప్పు కాదని అనిపించుకోవాలె. అంతే గద."

ఆమె పూర్తిగా తప్పు చెప్పిందని అనుకోలేకపోయాను.

ఎదురు గది ఎల్లేశం సంగతి కూడా రాయాలి. అతనికి తొమ్మిది నెలల కవల ఆడపిల్లలు. కాగితం రాగానే వేలు పెట్టాడు. సందు కుళాయి దగ్గర నలుగురి ముందు పద్నాలుగో అంశం గురించి చెప్పబోతే నా బిందెను కాలితో పక్కకు నెట్టాడు.

"ఫ్యాన్ కాడ కూసుంటే గాలి నీ అబ్బ సొమ్మయితదా? ఒక మనిషిని ముంచినవ్, సాలదా?"

ఎవరూ అతన్ని ఆపలేదు. బిందె సొట్టపోయింది.

మార్చి 28
గాలి 60. రేటు 19.

మార్కెట్ రేటు ఈ రోజు ఫిక్స్ రేటుతో సమానమైంది. స్వరూప పని నుంచి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నీ ఏలు నాకక్కర్లేదు. గది పంచు."

ఆఫీసులో కనుక్కుని వచ్చిందట. వేరు కుటుంబమని రాసిస్తే, మధ్యలో అడ్డం కడితే, రెండో మీటరూ రెండో ఫ్యానూ ఇస్తారు. ఒకటే షరతు: ఒకే కుటుంబం రెండు రేట్లూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నారని తేలితే రెండు కనెక్షన్లూ పీకేస్తారు.

"వేరు కుటుంబమని రాసిస్తవా?" అన్నాను.

"రాసిచ్చిన."

గదిని అడుగులతో కొలిచాం. పొయ్యి నా వైపు పడింది, కుళాయి ఆమె వైపు పడింది. రాజలింగు మంచం ఎవరూ అడగలేదు. బయటి సందులో పెట్టేశాం. సాయంత్రానికి దాన్ని ఎవరో పట్టుకుపోయారు.

బ్రాటిస్ గుడ్డ నేనే కట్టాను. గాలిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించడానికి వాడే మందపు తారు గుడ్డ అది. పైనుంచి కింది దాకా మేకులు కొట్టాను. ఇంకొకరు కడితే సందులు మిగులుతాయి. నేను కడితే మిగలవు. కడుతున్నంతసేపూ ఆమె అవతల నిలబడి చూసింది. చివరి మేకు కొట్టాక ఆమె నాకు కనిపించలేదు.

ఏప్రిల్ 17
గాలి 58. రేటు 27.

మూడు వారాలైంది. ఆమె వేరే పొయ్యి కొనుక్కుంది. నేను సందులో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నాను. ఆమె వైపు ఫ్యాన్ రోజంతా నిండుగా తిరుగుతుంది, ఆమె పనిలో ఉన్నప్పుడు కూడా. ఆ గాలికి గుడ్డ నా వైపు పొట్టలా ఉబ్బుతుంది. నేను నా ఫ్యాన్ సగంలో పెట్టుకుని కూర్చుంటున్నాను. సగం గాలిలో అన్నం తినాలనిపించదు.

"ఏం కనకమ్మా, నీ మార్కెట్ ఎట్లున్నది?" అని ఎల్లేశం రోజూ అడుగుతాడు. అడిగి ఇంటి ముందే నిలబడి నవ్వుతాడు. లెవెల్‌లో ఇరవై నాలుగు గదులు ఫిక్స్ రేటుకి వెళ్ళాయి. వాళ్ళు ఫ్యాన్లు ఆపరు. వాళ్ళు ఆపకపోవడం వల్లే రేటు ఇంకా ఎగురుతోందని మిగిలిన పదహారు గదులవాళ్ళు తిడతారు. ఫిక్స్ గది దుర్గవ్వ గుమ్మం ముందు పేడనీళ్ళు పోసిందెవరో, మార్కెట్ గది కిష్టయ్య తలుపుకి తారు పూసిందెవరో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు.

ఒక నీచమైన సంగతి రాస్తున్నాను. కొరత రావాలని కోరుకుంటున్నాను. గాలిమరలు ఆగాలి, వీళ్ళందరి ఫ్యాన్లూ కోతపడాలి, అప్పుడు నా దగ్గరికి రావాలి అని పడుకునేముందు అనుకుంటున్నాను. ఎల్లేశం పిల్లలు గుర్తొచ్చినా ఆ కోరిక ఆగడం లేదు.

మే 11
గాలి 39. రేటు 52.

గాలిమరలు ఆగి నాలుగు రోజులు. కరెంటు తీసే నిల్వ చెరువులో నీరు అడుగంటింది. మధ్యాహ్నం మూడింటికి ఫ్యాన్ హౌస్ ఫోన్ మోగింది. శ్రీకర్.

"ఫిక్స్ లైన్లు మూడో వంతుకి తగ్గించండి. మూడు నుంచి ఏడు వరకు. రోజూ, నేను చెప్పే దాకా."

"మూడో వంతు అంటే ఇరవై కూడా రాదు సార్."

"కాగితంలో ఉంది కదమ్మా. మీరు చదివారు కూడా."

గదులకి గాలి పోయే గొట్టాల వాల్వులు తిప్పేది నేనే. ఆ సంగతి ఇన్నాళ్ళూ నా తలకెక్కలేదు. కొరత రావాలని కోరుకున్నాను గానీ అది నా చేతిలోంచి వస్తుందని అనుకోలేదు. ఇరవై నాలుగు వాల్వులు వరుసగా తిప్పాను. పద్దెనిమిదోది స్వరూపది. అన్నిటితోపాటే దాన్నీ తిప్పి, పుస్తకంలో సంతకం పెట్టాను.

పది నిమిషాల్లో ఎల్లేశం ఇనప రాడ్డుతో వచ్చాడు.

"తిప్పు. మల్ల తిప్పు."

"పైనుంచి ఆర్డరు."

"చెయ్యి నీదే గద."

రాడ్డుతో నా బల్ల మీద కొట్టాడు. బల్ల విరిగింది. ఇంకోసారి ఎత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయి, ఊపిరి అందక వంగిపోయాడు. పిల్లల్ని ఎత్తుకుని మెట్ల దగ్గర కూర్చోమని చెప్పాను, అక్కడ కొంచెం గాలి దిగుతుందని. నా ముఖం మీద ఉమ్మేసి వెళ్ళాడు. తర్వాత చూస్తే వాళ్ళు మెట్ల దగ్గరే కూర్చున్నారు.

మే 12
గాలి 37. రేటు 54.

నాలుగింటికి డ్యూటీ దిగి గదికి వచ్చాను. నా ఫ్యాన్ సగంలో తిరుగుతోంది. గుడ్డ ఈ రోజు నా వైపు ఉబ్బలేదు, తిన్నగా వేలాడుతోంది. అవతల నుంచి స్వరూప ఊపిరి వినిపించింది. లోపలికి తీసుకునేటప్పుడు సన్నగా ఈల. నాకు బాగా తెలిసిన చప్పుడు. తొమ్మిది రోజులు పక్కన కూర్చుని విన్నాను దాన్ని.

"స్వరూపా."

పొయ్యి దగ్గర కత్తి అందుకున్నాను.

"గుడ్డ కోస్తున్న."

"కొయ్యకు," అంది. ఒక్కో మాటకీ మధ్య ఆగుతోంది. "కనెక్షన్... పోతది."

"పోనీ."

కూరగాయల కత్తితో మంచం ఎత్తు నుంచి నేల దాకా కోశాను. తారు గుడ్డ అంత తేలిగ్గా తెగదు, రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. తర్వాత నా ఫ్యాన్ పూర్తిగా తిప్పాను. యాభై నాలుగు దగ్గర నేనెప్పుడూ దాన్ని అలా తిప్పలేదు. మీటరు అంకెలు పరిగెత్తుతుంటే దాని మీద తువ్వాలు కప్పేశాను.

ఆమె పాక్కుంటూ కోత దగ్గరికి వచ్చింది. ముఖం గాలికి పెట్టి కూర్చుంది. నన్ను చూడలేదు. చాలాసేపటికి ఈల తగ్గింది.

"మూడేండ్ల కింద ఇట్ల తిప్పితే సరిపోతుండె," అంది.

ఆ రోజుల్లో రేటు చూసి భయపడ్డాను. నెలాఖరుకి కనెక్షనే పోతే ముగ్గురం ఏమవుతామని భయపడ్డాను. ఆయనే తగ్గించమన్నాడు కూడా. ఇవన్నీ చెప్పొచ్చు. మూడేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను, మనసులో.

"అవును," అన్నాను.

ఏడింటికి రాత్రి డ్యూటీ మనిషి వాల్వు విప్పగానే ఆమె ఫ్యాన్ మళ్ళీ నిండుగా తిరిగింది. అప్పుడు లేచి, నా వైపు చెయ్యి చాపి నా స్విచ్ తనే ఆపేసింది. ఆమె గాలి కోతలోంచి నా వైపు వచ్చింది.

మే 19
గాలి 36. రేటు 50.

లెక్క ఇంత సులువుగా ఉంటుందని ముందు తోచలేదు. కోత లేని ఇరవై గంటలూ ఆమె ఫ్యాన్ ఇద్దరికీ. కోత ఉన్న నాలుగు గంటలూ నా ఫ్యాన్ ఇద్దరికీ. ఫిక్స్ చేసుకోవడం సరైనదా కాదా అని నెలకి పైగా కొట్టుకున్నాం. రెండూ సగం సగం సరైనవే. ఒంటరిగా మాత్రం దేనికీ గాలి లేదు.

పదమూడో తేదీన ఎల్లేశం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నా పక్క గది కిష్టయ్యది మార్కెట్ రేటేనా?"

"అవును."

"ఆనితోని నాకు మాటల్లేవు."

"మాటలెందుకు? మీ రెండు గదుల నడుమ అడ్డం గుడ్డనే గద."

వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే కత్తి చప్పుడు వినబడింది. ఇప్పటికి ఇరవై నాలుగు అడ్డాలు తెగాయి. పదహారు మార్కెట్ గదులూ ఇరవై నాలుగు ఫిక్స్ గదులతో కలిశాయి, కొన్నిచోట్ల మూడు గదులకి ఒకే ఫ్యాన్. దానివల్ల ఎవరూ మంచివాళ్ళైపోలేదు. దుర్గవ్వ పేడనీళ్ళ సంగతి గుడ్డ కోతలోంచే తిడుతోంది. ఎల్లేశం కిష్టయ్యని ఇంకా పలకరించలేదు. కానీ ఆడపిల్లలిద్దరూ నిన్న మూడింటి నుంచి ఏడింటి దాకా ఏడుస్తూనే ఉన్నారు. ఆ ఏడుపు వింటుంటే నాకు బలం వచ్చింది.

మే 24
గాలి 35. రేటు 51.

శ్రీకర్ ఇద్దరు మనుషులతో దిగాడు. గాలి లెక్కలో తేడా వచ్చిందట. లెవెల్‌లో వాళ్ళ అడుగుల చప్పుడు వినగానే గదుల్లో కోసిన గుడ్డల మీద కుట్టు సూదులు ఆడాయి. కానీ అతను ముందు మా గదికే వచ్చాడు. ఒకే గదిలో రెండు మీటర్లున్నది మాకే.

కోత చూశాడు. దాని అంచు వేలితో తడిమాడు.

"గుడ్డ చిరిగితే నా ముందు కుట్టించుకోండి, మొదటిసారి హెచ్చరికతో వదిలేస్తాను. కానీ మీరిద్దరూ ఒకే కుటుంబమై, రెండు రేట్లు పెట్టుకుని ఇది చేస్తే మోసం. రెండు కనెక్షన్లూ ఇప్పుడే పీకేస్తాను." స్వరూప వైపు తిరిగాడు. "ఈమె మీకేమవుతుంది?"

రెండు కనెక్షన్లూ పోతే ఈ మే నెలలో మేం ఎక్కడికి పోవాలి? పైన యాభై రెండు డిగ్రీలు. వదిన అంటుందనుకున్నాను. అలవాటు కొద్దీ అయినా అంటుందనుకున్నాను.

"ఏం కాదు సార్," అంది స్వరూప. నింపాదిగా, ఊపిరి కూడబెట్టుకుని చెప్పింది. "మా అన్న భార్య. మా అన్న సచ్చిననాడే అది తీరిపోయింది. ఈమె చెయ్యబట్టే ఆయన పాణం పోయింది. మూడేండ్లల్ల ఒక్క కంచంల తిన్నది లేదు, ఒకరి నొప్పి ఒకరు అడిగింది లేదు. ఈమె మొఖం సూడలేకనే గుడ్డ కట్టించిన. కుటుంబమంటరా దీన్ని?"

శ్రీకర్ గుమ్మంలోకి తొంగిచూస్తున్న ఎల్లేశాన్ని అడిగాడు.

"వాళ్ళిద్దరికీ పడది సార్," అన్నాడు ఎల్లేశం. "లెవెల్ మొత్తానికి ఎరుకే. ఆమెతోని ఎవ్వరికీ పడది."

శ్రీకర్ నా ముఖం చూశాడు. నా ముఖంలో అతనికి కావలసిన సాక్ష్యం దొరికినట్టుంది. కాగితం మీద "వేరు కుటుంబాలు" అని రాసి, కుట్టండి అన్నాడు.

తారు దారం, గోనె సూది తెచ్చాను. నేను నా వైపు నుంచి గుచ్చాను, ఆమె అవతల అందుకుని తిరిగి గుచ్చింది. సూది వచ్చినప్పుడు ఆమె వేళ్ళ కొసలు కనిపించేవి, అంతే. శ్రీకర్‌కి అప్పటికే తలనొప్పి మొదలైంది. కణతలు నొక్కుకుంటూ, చివరి ముడి వేసేదాకా ఉండలేక బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళాక చూశాను. నా కుట్లు దగ్గరదగ్గరగా, ఫ్యాన్ మనిషి కుట్టవలసినట్టే ఉన్నాయి. ఆమె గుచ్చిన చోట్ల కుట్టుకీ కుట్టుకీ మధ్య జానెడు దూరం ఉంది.

"నేను అబద్ధం చెప్పలే," అంది అవతల నుంచి.

"నాకెరుకే."

మూడింటికి ఫ్యాన్ హౌస్‌కి వెళ్ళి ఇరవై నాలుగు వాల్వులూ తిప్పాను. నాలుగింటికి వచ్చి నా ఫ్యాన్ పూర్తిగా వేశాను. గుడ్డ అవతలి వైపు ఉబ్బింది. కుట్ల మధ్య నుంచి గాలి సన్నగా పోతోంది, అరచేయి పెడితే తెలుస్తోంది. కాసేపటికి ఆమె మంచం కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడైంది. కుట్ల పక్కకి జరుపుకుంది.